దీర్ఘం చెరిపేసిన జెల్లీ చేప

ఏనుగుకు ఎముకలు పెట్టి నిలబెట్టిన దేవునికి స్తోత్రం. ఒక్క ఎముక కూడా పెట్టకుండానే జెల్లీ చేపను సముద్రమంతా తిప్పుతున్న దేవునికి మరీ స్తోత్రం. గుండె లేనిదానికి ప్రాణం పోసినవాడు, తల లేనిదానికి ఆకలి ఇచ్చినవాడు, ఆ ఆకలికి సరిపడే మేత నీళ్ళలోనే కలిపి ఉంచినవాడు ఆయనే. ఆయన చేతి పనుల గురించి నాకంతా తెలుసనుకుని ఒకసారి నేను బోర్లా పడ్డాను. పడ్డది పదిమందిలో. ఆ సంగతి పిల్లలకు చెబితే వాళ్ళు నవ్వుతారు, నవ్వుతూ నాలుగు విషయాలు నేర్చుకుంటారని ఇప్పుడు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సముద్రం చూసిన మనిషి ఒక్కరూ లేరు. మాది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే పోచారం ప్రాజెక్టే. అవతలి గట్టు కనిపించకపోతే అదే సముద్రమని మా తాత చెప్పేవాడు. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయన్న మాట మాత్రం ఆయన చచ్చినా నమ్మలేదు. "గన్ని నీళ్ళల్ల ఉప్పు ఎవడు కలుపుతడు? గంత ఉప్పు ఏడికెళ్ళి తెస్తడు?" అని అడిగేవాడు. ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు కాబట్టి మా ఊరివరకు సముద్రం చప్పగానే ఉండిపోయింది.

అలాంటి ఊరికి సముద్రపు ఒడ్డున పుట్టిపెరిగిన మనిషి వచ్చింది. మా క్రీస్తు గుడికి పాస్టరుగా కొత్తగా వచ్చిన అయ్యగారి భార్య ఆమె. అందరం అమ్మగారు అనేవాళ్ళం. టీచరు ట్రైనింగు చదివిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాటకు ముందొక "అండి", వెనకొక "అండి" పెట్టేది. కోడిపిల్లను తోలినా "పోవే తల్లీ" అనే తోలేది. ఆమె మాట మాకు వింత, మా మాట ఆమెకు వింత. మేము ఆమె వెనకాల ఆమెలాగే మాట్లాడి నవ్వుకునేవాళ్ళం. మన మాటే అసలు తెలుగని, అమ్మగారికి పాపం తెలుగు సగమే వచ్చని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఈ నమ్మకమే నన్ను ముంచింది.

ఆ ఎండాకాలానికి నా ఐదో తరగతి అయిపోయింది. మా ఊరి బడి కూడా ఐదుతోనే అయిపోయేది. మా బాపు చెడ్డవాడు కాదు. కానీ ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురు, కూలికి పోయేవాళ్ళు ఇద్దరు. వానలు పడగానే అమ్మతోపాటు నాట్లకు రావాలని నాకు ముందే చెప్పేశాడు. అమ్మ తన పాత చీరలోంచి నా నడుముకు కట్టుకునే గుడ్డ కూడా చింపి మడతపెట్టింది. మడతపెడుతూ నా వైపు చూడలేదు.

అంతలో యాసంగి కోతలు అయ్యాయి. కోత పండుగకు కామారెడ్డి నుంచి పెద్దయ్యగారు వస్తారని, అక్కడి ఆడపిల్లల బోర్డింగులో ఒక్క సీటు ఖాళీ ఉందని, పండుగనాడు సంఘం ముందు నిలబడి బాగా చెప్పిన పిల్లకు అది ఇస్తారని ఒక ఆదివారం అయ్యగారు ప్రకటించారు. ఇంటికి వస్తూ నేను బాపు ముఖం చూశాను. "సీటు ఒక్కటి, పిల్లలు పదిమంది. నీకొచ్చినప్పుడు జూద్దాం తీ" అన్నాడు. అది ఒప్పుకున్నట్టేనని అమ్మ నా చెవిలో చెప్పింది.

పిల్లలం చెప్పాల్సింది సృష్టిలో ఐదో రోజు గురించి. ఆ రోజున దేవుడు పిట్టలను, నీళ్ళలో కదిలే జీవులను చేశాడు కదా. ఒక్కో పిల్ల ఒక్కో జీవి గురించి చెప్పాలి. అమ్మగారు పెన్సిలుతో చీటీలు రాసి, మడిచి, ఇత్తడి చెంబులో వేసి మా ముందు పెట్టింది. ఎదురింటి పిల్లకు కొంగ వచ్చింది. ఇంకొకరికి తాబేలు వచ్చింది. నా చీటీ విప్పితే "జెల్లీ చేప" అని ఉంది. "తెలియనివాళ్ళు వచ్చి నన్ను అడగండమ్మా, నేను చెబుతాను" అంది అమ్మగారు.

నేను అడగలేదు. నాకు తెలియనిదేముంది? జెల్ల చేప మా దిక్కు ఎవరికి తెలియదు! పోచారంలో వల వేస్తే పడే మొదటి చేప అదే. అయితే ఆమె "జెల్ల" అని రాయకుండా "జెల్లీ" అని దీర్ఘం పెట్టింది. అమ్మగారికి మన తెలుగు రాదు పాపం అనుకున్నాను. నలుగురు చూస్తే ఆమెకు నామోషీ అని జాలిపడి, రబ్బరుతో ఆ గుడిదీర్ఘాన్ని చెరిపేసి, చక్కగా తలకట్టు పెట్టాను. ఒక పెద్దావిడ తప్పు దిద్ది, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇంటికి పోయి తాతను పట్టుకున్నాను. జెల్లల విషయంలో మా తాతను మించినవాడు చుట్టుపక్కల లేడు. మూడు వారాలు ఆయన నాకు చదువు చెప్పాడు. జెల్లకు పొలుసు ఉండదు, మీసాలుంటాయి. రెండు పక్కలా రెండు ముళ్ళు, వీపు మీద ఒక ముల్లు ఉంటాయి. గుచ్చుకుంటే చెయ్యి చంకదాకా లాగుతుంది. బురదలో అడుగున ఉంటుంది. పట్టుకుంటే కిర్రుమంటుంది. మామిడికాయ వేసి వండితే గిన్నె నాకాల్సిందే. ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పాలని తాత పట్టుబట్టాడు. దేవుడు చేసినదాని రుచి చెప్పకపోతే దేవుడు చిన్నబుచ్చుకుంటాడట.

పండుగ ఇంకా రెండు రోజులుందనగా అమ్మగారు అందరితో ఒకసారి చెప్పించి చూద్దామని పిలిచింది. గురువుగారి హోదాలో మా తాత కూడా నాతో వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నా వంతు రాగానే చేతులు కట్టుకుని, గొంతెత్తి మొదలుపెట్టాను. మీసాలు చెప్పాను. ముళ్ళు చెప్పాను. బురద చెప్పాను. పిల్లలెవరూ నవ్వలేదు, ఎందుకంటే అంతా నిజమే. తాత ఒక్కో ముక్కకు తల ఊపుతున్నాడు. అమ్మగారి కళ్ళు మాత్రం పెద్దవవుతూ పోయాయి.

"మీసాలేంటమ్మా? జెల్లీ చేపకు మీసాలా?" అంది.

"ఎందుకుండయ్ అమ్మగారు? మీ దిక్కు జెల్లలు గడ్డం గీక్కుంటయా?" అన్నాను.

ఆమె నా చీటీ అడిగి తీసుకుంది. ఎండకు పట్టి చూసింది. రబ్బరుతో రుద్దినచోట కాగితం పలచబడి వెలుతురు కనబడుతోంది. ఎవరు చెరిపారని అడిగింది. "నేనే. మీరు తప్పు రాసిండ్రని సక్కగ చేసిన" అన్నాను. అమ్మగారు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుని నాకు భయమేసింది. కొంగు తీసేసరికి నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కానీ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇది వేరే జీవి తల్లీ. సముద్రంలో ఉంటుంది. దీనికి ముల్లు కాదు కదా, అసలు ఎముకలే ఉండవు" అంది.

గోడ దగ్గర మా తాత లేచి నిలబడ్డాడు.

"బొక్కల్లేవా?"

"లేవండి."

"నెత్తురు?"

"లేదండి."

"తలకాయ?"

"తల లేదు. మెదడూ లేదండి."

"గుండెకాయన్న ఉన్నదా అమ్మగారు?"

"అదీ లేదు తాతగారూ. ఒళ్ళు ఉంటుంది. నోరు ఉంటుంది. అంతే."

తాత మీసం దువ్వాడు. "ఒళ్ళు, నోరు. గసొంటోడు మా అల్లుండ్లల్ల ఒగడున్నడు" అని మళ్ళీ కూర్చున్నాడు.

అందరూ నవ్వారు, నేను తప్ప. రెండు రోజుల్లో పండుగ. మూడు వారాలు నేర్చుకున్నదంతా వేరే చేపది. అమ్మ చింపిపెట్టిన గుడ్డ నా కళ్ళముందు మెదిలింది. అమ్మగారు నా ముఖం చూసింది. లేచి లోపలికి పోయి, అయ్యగారి నల్ల గొడుగు, పాత గుడ్డ పీలికలు పట్టుకొచ్చింది. "పదండి, హౌజు దగ్గరికి" అంది.

గుడి వెనక తోటలో మోటరు నీళ్ళు పడే సిమెంటు హౌజు ఉండేది. అమ్మగారు గొడుగు ఊచల చివర్లకు గుడ్డ పీలికలు కట్టింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోకాళ్ళ పైదాకా నీళ్ళలో దిగింది. అయ్యగారి భార్య హౌజులో దిగడం మేము ఎన్నడూ చూడలేదు. పిల్లలం గట్టు చుట్టూ మూగాం. ఆమె గొడుగును నీళ్ళలో ముంచి, మెల్లగా తెరిచి, చటుక్కున మూసింది. లోపలి నీళ్ళు వెనక్కి తన్నుకుపోయాయి. గొడుగు ఆమె చేతిలోంచి ముందుకు దూకబోయింది. మళ్ళీ తెరిచి మూసింది. మళ్ళీ దూకింది. వెనక పీలికలు జలజలా పారాడాయి.

"చూశారా? ఇదే జెల్లీ చేప ఈత. గొడుగులాంటి ఒళ్ళు ముడుచుకుంటుంది, నీళ్ళు వెనక్కి పోతాయి, అది ముందుకు పోతుంది. మిగతా దారంతా నీటివాటం. అల ఎటు తీసుకుపోతే అటు" అంది.

మరి నోరెక్కడ అని ఎవరో అడిగారు. గొడుగు లోపల, కర్ర ఉన్న చోట, అంది. ఈ పీలికలే దాని చేతులు. వాటి నిండా కంటికి కనబడని సన్నని దారాలు చుట్టచుట్టి ఉంటాయి. చిన్న చేపో, చిన్న రొయ్యో తగిలితే చాలు, ఆ దారాలు విల్లులోంచి బాణాల్లా బయటికి వచ్చి గుచ్చుకుని విషం దింపుతాయి. అది బిగుసుకుపోగానే మెల్లగా నోటికి చేర్చుకుంటుంది. దురదగొండి ఆకు ఒంటికి రాసుకుంటే ఎలా ఉంటుందో మనుషులకు అలా ఉంటుందట, కొన్ని జాతులైతే ప్రాణమే తీస్తాయట. అమ్మగారు చిన్నప్పుడు ఒడ్డున చచ్చి పడి ఉన్నదాన్ని తొక్కి మూడు రోజులు కుంటిందట. చచ్చినా ఆ దారాలు ఊరుకోవు.

"మరి తిన్నది ఏడికెళ్ళి బయటికొస్తది?" అని ఎదురింటి పిల్ల అడిగింది. అమ్మగారు కొంచెం తటపటాయించి, నిజం చెప్పేసింది. తినేదీ ఆ నోటితోనే, విడిచేదీ ఆ నోటితోనే. ఇక మమ్మల్ని ఆపడం ఎవరితరం కాలేదు. గట్టు మీద పడి దొర్లాం. ఆమె నవ్వకుండా, వేలు చూపించి, "మరీ నవ్వకండి. పొద్దున స్తోత్రం, సాయంత్రం బూతులు, రెండూ ఒకే నోటితో పలికే మనుషులు లేరా?" అంది. బైబిలు వాక్యం బాగా తెలిసిన పిల్లలం కాబట్టి మాకు అర్థమైంది. అందరం ఒకేసారి మా తాత వైపు చూశాం. "నన్నేం జూస్తరురా" అన్నాడు తాత, గొడుగును బాగా చూడాలని గట్టు మీద నుంచి వంగుతూ. అప్పుడే అమ్మగారు గొడుగును గట్టిగా మూసింది. నీళ్ళు ఎగిరి తాత తలగుడ్డ దగ్గర నుంచి పంచెదాకా తడిపేశాయి. ఆ విసురుకు గొడుగు తిరగబడి రెండు ఊచలు విరిగాయి.

సరిగ్గా ఆ సమయానికి అయ్యగారు తోటలోకి వచ్చారు. భార్య హౌజులో ఉంది. సంఘపెద్దయిన మా తాత తడిసి ముద్దయి ఉన్నాడు. గొడుగు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. "ఏమైంది?" అన్నారు. "ఏం లేదండి, మీ గొడుగు జెల్లీ చేప అయింది" అంది అమ్మగారు. ఆయన దేవుణ్ణి తలుచుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆమె నాకు ఒక్కదానికే ఇంకా చెప్పింది. వొలిచిన తాటి ముంజను దీపం వెలుగుకు పట్టి, దాని ఒళ్ళు ఇలా ఉంటుంది, దాదాపు అంతా నీరే, ఒడ్డున పడితే ఎండకు నీరైపోయి ఉల్లిపొరలాంటిదే మిగులుతుంది అంది. గాలి పీల్చే ముక్కు లేదు, చర్మంతోనే నీటిలోని గాలి తీసుకుంటుంది. మెదడు లేకపోయినా ఒంటి నిండా సన్నని నరాల వల ఉంటుంది, ఏది తగిలినా దానికి తెలుస్తుంది. చిన్నతనంలో అది ఈదదు. రాయికి అతుక్కుని చిన్న మొక్కలా నిలబడి ఉంటుంది. తర్వాత ఆ మొక్క జొన్నరొట్టెల దొంతరలా గీతలు గీతలుగా చీలుతుంది. పైరొట్టె ఊడి ఈదుకుంటూ పోతుంది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. ఎన్నో జాతులు అలాగే పుడతాయి. సముద్రపు తాబేళ్ళకు అవంటే మహా ఇష్టం. చెప్పి చెప్పి ఆ ముంజ నాకే పెట్టింది. చివరికి, నన్ను తీసుకుపోవడానికి వచ్చి 'బొక్కల్లేనిది చేపే గాదు' అని సణుగుతున్న తాతను చూసి, "మీరన్నదీ నిజమే తాతగారూ, ఇది అసలు చేప కాదండి. పేరుకే చేప" అని ఒప్పుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని తాత ఊరంతా తిరిగాడు. "నేను జెప్పలే? మీసాల్లేనిది చేపెట్లయితది?"

పండుగనాడు గుడి నిండిపోయింది. కొత్త వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, మక్కకంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు ముందువరుసలో ఉన్నాయి. పెద్దయ్యగారు ప్రార్థన చేస్తుంటే ఒక పుంజు ప్రతి వాక్యానికి గొంతు కలిపింది. అమ్మ ఆడవాళ్ళ చాపల మీద కూర్చుంది. బాపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. తాత మాత్రం అందరికంటే ముందు, నాకు ఎదురుగా కూర్చున్నాడు.

నా పేరు పిలిచారు. లేచి నిలబడ్డాను. ఎదురుగా అంతమంది. రెండు రోజులు నేర్చుకున్నది ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. కళ్ళు ఎటు తిప్పాలో తెలియక తాత వైపు చూశాను. నేను మరిచిపోయానని ఆయనకు అర్థమైంది. నాకు సాయం చేద్దామని, రెండు చేతులూ ఎత్తి, తన మీసాలు రెండు పక్కలా మెలేసి చూపించాడు.

"జెల్లీ చేపకు మీసాలుంటయ్! బురదల ఉంటది! మామిడికాయ ఏసి వండితే..." అనేశాను.

పెద్దయ్యగారు సముద్రం చూసిన మనిషి. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన నవ్వాక గుడంతా నవ్వింది. అంతవరకు జెల్లకు, జెల్లీకి తేడా తెలియనివాళ్ళు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. తలుపు దగ్గర బాపు కండువా దులిపి భుజం మీద వేసుకుని, చెప్పులు వెతుక్కుంటున్నాడు. సీటు పోయిందని నాకు అర్థమైంది. ఏడిస్తే మిగతా పరువు కూడా పోతుందని పళ్ళు బిగపట్టాను.

ఆడవాళ్ళ చాపల మీద నుంచి అమ్మగారు లేచింది.

"పెద్దయ్యగారూ, ఒక్క నిమిషం. నవ్వేది ఉంటే ముందు నన్ను చూసి నవ్వాలండి" అంది. నవ్వులు ఆగాయి. పుంజు కూడా ఊరుకుంది. "నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఎవరింటికి వెళ్ళినా, తిరిగి బయల్దేరేటప్పుడు 'పైలం అమ్మగారు, పైలం' అనేవాళ్ళు. పైలం అంటే ఎవరో మనిషి అనుకున్నాను."

పైలం అంటే మా దిక్కున జాగ్రత్త అని. పోయేవాళ్ళను సాగనంపుతూ అనే మాట. ఆమె దిక్కున ఆ మాట లేదు.

"ఊరంతా తలుచుకుంటున్నారంటే పెద్దమనిషేమో, కనబడితే నమస్కారం పెడదామని చూశానండి. కనబడలేదు. పొద్దుగూకే వేళ మరీ ఎక్కువగా చెబుతుంటే, తాగి దారిలో పడి ఉంటాడేమో, అందుకే నన్ను హెచ్చరిస్తున్నారేమో అనుకున్నాను. పాపం ఏ తల్లి కన్న బిడ్డో అని, నలభై రోజులు ఆ పైలం మారుమనస్సు కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేశానండి."

గుడి పైకప్పు ఎగిరిపోలేదంటే దేవుని కృపే. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. పెద్దయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈ సంగతి మా అయ్యగారికి కూడా అంతవరకు తెలియదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. మా తాత లేచి, "నలబై దినాలా! మరి మారిండా అమ్మగారు, పైలం?" అని అడిగాడు. "ఇంకా కనబడనే లేదు తాతగారూ" అంది ఆమె. మళ్ళీ నవ్వు. ఆ నవ్వులో నన్ను చూసి నవ్వేవాళ్ళు ఒక్కరూ లేరు. నేను అక్కడ ఉన్నానన్న సంగతే అందరూ మరిచిపోయారు. నాకూ నవ్వొచ్చింది.

అమ్మగారు నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు తల్లీ. గొడుగు చెప్పు" అని కూర్చుంది.

చెప్పాను. ముందు చీటీలో దీర్ఘం నేనే చెరిపేశానని చెప్పాను. అమ్మగారికి తెలుగు రాదనుకున్నానని కూడా చెప్పేశాను. ఆ తర్వాత గొడుగు, పీలికలు, దురదగొండి, రాయి మీద రొట్టెలు, తాబేళ్ళు, ఒక్కటి వదలకుండా అన్నీ చెప్పాను. గుడ్డ పీలికలు చెప్పేటప్పుడు చేతులు కూడా ఆడించాను. నోటి సంగతి వచ్చేసరికి పెద్దయ్యగారే వద్దమ్మా అర్థమైంది అన్నారు.

ఆయన ముందుకు వంగి ఒక ప్రశ్న అడిగారు. "ఎముకల్లేవు, గుండె లేదు, మెదడు లేదు. మరి అలాంటిదాన్ని దేవుడు ఎందుకు చేశాడమ్మా?"

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మగారి వైపు చూశాను. ఆమె కూడా తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మూడు వారాల కిందటి నేనైతే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

"నాకు తెల్వదయ్యా. అడిగి చెప్త" అన్నాను.

"ఎవరిని అడుగుతావు?"

"బోర్డింగుల టీచరును."

నేను తెలివితేటలకు పోయి అనలేదు. నాకు అప్పటికి నిజంగానే ఇంకెవరూ తోచలేదు. కానీ గుడంతా ఘొల్లుమంది. పెద్దయ్యగారు నవ్వుతూనే, ఈ పాప తండ్రి ఎవరని అడిగారు. తలుపు దగ్గర బాపు ఒక కాలికి చెప్పు, ఒక కాలికి చెప్పు లేకుండా నిలబడి ఉన్నాడు. "నేనేనయ్యా" అన్నాడు. "అడిగి రావాల్నంటుంది గదా. పోయి అడిగి రానీయుండ్రి." అమ్మ చాప మీదే తలవంచి, కొంగులో ముఖం దాచుకుంది.

అలా నేను కామారెడ్డి పోయాను. చదువుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి ఈమధ్యనే రిటైరయ్యాను. జెల్లీ చేపను ఇంతవరకు కళ్ళారా చూడలేదు. మొన్న మా మనవరాలు ఫోన్లో చూపించింది. ఎంత అందంగా ఉందో! దేవుడు దాన్ని ఎందుకు చేశాడో ఇంకా అడుగుతూనే ఉన్నాను. ఒక్కో టీచరు ఒక్కో జవాబు చెప్పారు, అన్నీ కొంచెం కొంచెం నిజమే.

అమ్మగారిని చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి కలిశాను. అప్పటికి ముసలిదైపోయింది. ఆ రోజు అంతమంది ముందు మీ పరువు ఎందుకు తీసుకున్నారని అడిగాను. "నవ్వు ఒకసారి లేచాక ఎవరో ఒకరి మీద వాలాలి కదమ్మా. చిన్నపిల్ల మీద వాలితే విరిగిపోతుంది. నేను పెద్దదాన్ని, మోస్తాను" అంది, ఏదో బియ్యం మూట సంగతి చెప్పినట్టు.

నా తరగతిలో ఏ పిల్ల అయినా తప్పు చదివి, తోటివాళ్ళు నవ్వడం మొదలుపెడితే, పుస్తకం మూసి, నేను చేసిన తప్పొకటి చెప్పేదాన్ని. అలా చెప్పుకోవడానికి దేవుడు నాకు తప్పులు తక్కువ చేయలేదు. నేను వాళ్ళకు నేర్పిన లెక్కలు ఎందరికి గుర్తున్నాయో నాకు తెలియదు. కానీ బజారులో కలిసిన పిల్లలు, పిల్లలున్న పిల్లలు, "టీచర్, నేను గూడ మా ఇంట్ల పొల్లగాండ్లకు ముందు నా తప్పే చెప్తున్న" అని చెబుతుంటే, ఆ రోజు చాప మీద నుంచి లేచిన ఒక మనిషి ఇంకా ఎన్ని ఇండ్లలో లేస్తోందో అనిపిస్తుంది.

ఇంతవరకు చదివినవాళ్ళందరూ, పిల్లలైనా పెద్దలైనా, ఒక్క నిమిషం నాతోపాటు కళ్ళు మూసుకోండి. తండ్రీ, తెలియనిదాన్ని తెలియదని చెప్పే నోరు మాకివ్వు. ఈ రోజు ఏ బడిలోనో, ఏ గుడిలోనో, పదిమంది నవ్వుతుంటే పళ్ళు బిగపట్టుకుని నిలబడిన బిడ్డ ఒకటి ఉంటుంది. ఆ బిడ్డ నీకు తెలుసు. ఆమె కోసం లేచి నిలబడే మనిషిని చూపించు. ఆ మనిషి మాలో ఒకరైతే, సిగ్గుతో కూర్చోనీయకు, మా కాళ్ళకు బలమిచ్చి లేపు. ఆమేన్ అనండి.